వేడివేడిగా వడ్డించండి... ఆ తర్వాత?

వంటల శీర్షిక ఏ పత్రికలోదైనా సరే, తీసి చూడండి. “ముందుగా స్టవ్ వెలిగించి పెనం పెట్టి...” అని మొదలవుతుంది. “వేడివేడిగా వడ్డించండి” అని ముగుస్తుంది. మధ్యలో ఉప్పెంత, కారమెంత, మంట పెద్దదా చిన్నదా, కొత్తిమీర ఎప్పుడు చల్లాలి, ఉల్లిచక్రాలు ప్లేటులో ఏ పక్కన పేర్చాలి - అన్నీ వివరంగా ఉంటాయి. మరి ఆ పెనం ఏమైంది? దానికి పట్టిన మాడు ఎవరు గీకారు? స్టవ్ చుట్టూ చిందిన నూనె ఎవరు తుడిచారు? అబ్బే, ఆ ఊసే ఉండదు. కథ కంచికి, మనం... ఇంటికి కాదు, సింకు దగ్గరికి!

వంట వడ్డనతో అయిపోతుందని నమ్మేవాళ్ళు లోకంలో రెండే రకాలు. వంటలు రాసేవాళ్ళు ఒకరు, తిని చెయ్యి కడుక్కుని లేచిపోయేవాళ్ళు ఇంకొకరు. వండేవాళ్ళు మాత్రం నమ్మరు. పొయ్యి గట్టు తుడిచి, తుడిచిన గుడ్డ ఉతికి ఆరేస్తే గానీ వంట పూర్తి కాదని వాళ్ళ నడుముకు తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: తోమడం వంటలో భాగం. వండానని చెప్పుకునేవాళ్ళు తోమి చెప్పుకోవాలి.

ఇంత చిన్న సంగతికి ఇంత వ్యాసమా అంటారేమో. ఇది చిన్న సంగతి అనుకున్నంత కాలం మన ఆదివారాలు ఇలాగే సింకులో కొట్టుకుపోతాయి. అందుకని కాస్త ఓపిక పట్టండి.

ఈ మధ్య మధ్యతరగతి వంటింట్లోకి కొత్త అల్లుడిలా ఒక వస్తువు వచ్చి కూర్చుంది. దాని పేరు గ్రిల్. రెండు రకాలు. ఒకటి స్టవ్ మీద పెట్టుకునే బరువైన పెనం. మామూలు పెనంలా నున్నగా ఉండదు. దున్నిన చేనులా గట్లూ సాళ్ళూ ఉంటాయి. రెండోది కరెంటుది. పుస్తకం మూసినట్టు పైనా కిందా రెండు పలకలు, మధ్యలో రొట్టెనో పనీరునో మాంసాన్నో పెట్టి మూసేయడమే. హైదరాబాదులోనే ఈ వేషాలు అనుకునేరు! మా ఆత్మకూరు వనపర్తి జిల్లాలో చిన్న మునిసిపాలిటీ. ఇక్కడ కూడా సెల్‌ఫోనులో నొక్కితే నాలుగో రోజుకి అట్టపెట్టెలో గ్రిల్ గుమ్మంలోకి వస్తోంది. పెళ్ళిరోజు కానుకగా ఇస్తున్నారు, గృహప్రవేశానికి ఇస్తున్నారు. వెండి కుంకుమభరిణె ఇచ్చే రోజులు పోయాయి లెండి.

అల్లుడన్నానా? ఊరికే అనలేదు. కొత్త అల్లుడికున్నన్ని మర్యాదలూ దీనికున్నాయి. గరుకు పీచు తగలకూడదు. ఇనుప గరిటె ఆనకూడదు. వేడిమీద చన్నీళ్ళు పొయ్యకూడదు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టకూడదు. తడిగా వదిలెయ్యకూడదు. ఇన్ని ‘కూడదు’లూ ఎవరు గుర్తుపెట్టుకోవాలి? కొన్నవారా? వండినవారా? తిన్నవారా? ముగ్గురూ కాదు. నాలుగో మనిషి.

ఇప్పుడు ఒక ఆదివారం చూద్దాం. ఎవరింట్లో అని అడక్కండి, మీ ఇంట్లోనే జరిగి ఉంటుంది. జూరాల ఆనకట్ట మాకు దగ్గర. కృష్ణ చేపలకు ఆ చోటు పెట్టింది పేరు. ఆనకట్ట చూడబోయినవాళ్ళు వేయించిన చేపలు తినకుండా తిరిగిరారు. శ్రీవారు పొద్దున్నే వెళ్ళి బొచ్చెనో రవ్వనో పట్టుకొస్తారు. “ఇవాళ వంట నాది, నువ్వు కూర్చో” అంటారు. ఆ మాటకే మనం మురిసిపోతాం. “కూర్చో” అన్న ఆ నోటితోనే “అల్లం వెల్లుల్లి ముద్ద ఎక్కడుంది? కారం డబ్బా ఏది? నిమ్మకాయ కోసి పెట్టవూ?” అని పదిసార్లు లేపుతారు. చివరికి గ్రిల్ మీద చేప పడుతుంది, చుయ్‌మంటుంది, ఇల్లంతా పొగ. ముక్క మీద నల్లటి చారలు పడగానే ఫోటో. ఆ ఫోటో చుట్టాలందరికీ వెళ్తుంది. ఆడపడుచు దగ్గర్నుంచి మేనత్త దాకా “అబ్బ, మా వాడు ఎంత బాగా వండుతాడో! నువ్వు అదృష్టవంతురాలివి వదినా!” అని పొగడ్తలే పొగడ్తలు. అందరూ తింటారు. బాగుంటుంది కూడా, నేనెందుకు కాదంటాను?

తర్వాత శ్రీవారు తేన్పులు తీస్తూ సోఫాలో వాలతారు. ముందుంది ముసళ్ళ పండుగ!

గ్రిల్ సింకులో ఉంటుంది. సాళ్ళ నిండా మాడిన మసాలా, చేప చర్మం, నూనె. అది చల్లారే కొద్దీ బిగుసుకుంటుంది. నేను బి.ఏ. చదివినదాన్ని, రసాయన శాస్త్రం నాకు పదో తరగతితోనే సెలవు చెప్పింది. అయినా ఈ మాత్రం తెలుసుకున్నాను. నూనె పల్చటి పొరగా గట్టి వేడికి తగిలితే దాని అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని గట్టి పూతలా మారిపోతాయి. మాంసకృత్తులూ చక్కెరా మాడి బొగ్గవుతాయి. ఈ రెండూ కలిసి లోహాన్ని పట్టుకుంటే రంగు వేసినట్టే. మనం తోమేది గిన్నె కాదన్నమాట, గోడకు వేసిన రంగు గోకుతున్నాం!

గట్లు లేకపోతే ఇంత బాధ లేదు. గట్లెందుకు? కొవ్వు కిందికి జారడానికి, చారలు పడడానికి. కొవ్వు సంగతి అలా ఉంచండి, చారలు అందానికి. ఆ నాలుగు చారల అందం కోసం మనిషి పాత టూత్‌బ్రష్షు పుచ్చుకుని సాలు సాలుకూ తిరగాలి. గడియారం పెట్టి చూశాను, ఒక్కసారి తోమడానికి 25 నిమిషాలు. ఏడాదికి 52 ఆదివారాలు, 1300 నిమిషాలు. అంటే దాదాపు 22 గంటలు. ఆ 22 గంటల్లో నేను నవలలో రెండధ్యాయాలు రాసుకుంటాను. మీరు కుట్టుపని చేసుకుంటారో, పుస్తకం చదువుకుంటారో, కాళ్ళు చాపుకుని ఊరికే కూర్చుంటారో మీ ఇష్టం. ఊరికే కూర్చునే హక్కు మగవాళ్ళకి రాసిచ్చిన ఇనామేమీ కాదు.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. గ్రిల్ పెనాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే మాట అన్నది. “గీ గీతలల్ల ఇరికింది తీసెతందుకు పుల్ల వట్టుకోని కూసోవాలె బిడ్డా! మా రొట్టెల పెనమే నయ్యం. గుడ్డతోటి తుడిస్తె అయిపాయె.”

నిజమే మరి. పాలమూరు సీమలో జొన్నరొట్టె కాల్చే ఇనప పెనం చూడండి. రొట్టె చేత్తో తట్టి పెనం మీద వేస్తారు, పైన తడిగుడ్డతో నీళ్ళు అద్దుతారు. నూనె చుక్క ఉండదు. అయ్యాక పిండి దులిపి గుడ్డతో తుడిచి గోడకు ఆనిస్తారు. సబ్బు లేదు, నీళ్ళు లేవు. వేడి తిని తిని నల్లబడి, ఆ నలుపే దానికి కవచమవుతుంది. కడిగే అవసరం ఎంత తక్కువో చూసుకుని మరీ ఆ వంట పుట్టిందా అనిపిస్తుంది. నీళ్ళు కరువైన సీమ కదా! బొట్టు బొట్టూ లెక్కే.

అలాగని “పాతకాలమే బంగారం” అని పాట ఎత్తుకునే మనిషిని కాను. పెనం తుడిస్తే అయిపోయేది, పొయ్యి అయిపోయేదా? తెల్లారకముందే బూడిద ఎత్తాలి. పేడతో, ఎర్రమన్నుతో పొయ్యి అలకాలి, ముగ్గు పెట్టాలి. కట్టెల మసికి గిన్నెల అడుగులు నల్లబడతాయని ముందే వాటికి మట్టి పూసి పొయ్యి మీద పెట్టేవారు. అయినా బూడిదా పీచూ పట్టుకుని తోమి తోమి వేళ్ళు పగిలేవి. కళ్ళలో పొగ సరేసరి. అప్పుడూ తోమింది ఆడదే, ఇప్పుడూ తోముతున్నది ఆడదే. మారింది పీచు.

మా ఆత్మకూరు ఒకనాడు అమరచింత సంస్థానానికి రాజధాని. కవి పండితులకు సత్కారాలు జరిగిన ఊరు. సత్కారమంటే ఉత్త శాలువా కాదు కదా, భోజనం కూడా! ఆ గుండిగలు ఎవరు తోమారో చెప్పే పద్యం మాత్రం నా కంటబడలేదు. మాకు పొరుగున ఉన్న గద్వాల సీమవారే సురవరం ప్రతాపరెడ్డిగారు. చరిత్ర అంటే రాజుల కథలు కాదు, జనం తిన్నదీ కట్టుకున్నదీ ఆడిందీ పాడిందీ అని 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాశారు. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. రాజుల్ని పక్కన పెట్టి జనం చరిత్ర రాయడానికి అంత పెద్దమనిషి పూనుకోవలసి వచ్చింది. ఇక అంట్లు తోమినవాళ్ళ చరిత్రకు ఇంకో మహానుభావుడు పుట్టాలి. మహానుభావురాలైతే మరీ మంచిది, ఆవిడకు విషయం తెలిసి ఉంటుంది.

గ్యాసు వచ్చింది, కష్టం పోయిందంటారు. పొగ పోయిన మాట నిజం, చేతులెత్తి దండం పెడతాను. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో ‘దీపం’ పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో దేశమంతటికీ ‘ఉజ్జ్వల’ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో 500 రూపాయల గ్యాస్ బండ పథకం ‘మహాలక్ష్మి’ పేరుతో మొదలైంది. పథకాల పేర్లలో కూడా మనమే! కనెక్షను ఆడవాళ్ళ పేరు మీద ఇవ్వడం గౌరవమే. కానీ ఆ గౌరవం వెనకాలే ఇంకో మాట నడిచి వచ్చింది. స్టవ్ ఆమెది కాబట్టి స్టవ్ తుడవడం కూడా ఆమెదే! ఇంటి పట్టా ఆయన పేరు మీదుంటే మాత్రం ఇల్లు ఊడవడం ఆయన పని కాదుట. ఇదేం తర్కమో!

అమెరికాలో రూత్ ష్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అని ఒక పుస్తకం వేసింది. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ ఇంటిపని తగ్గుతుందనుకుంటాం. తీరా చూస్తే మగవాళ్ళూ పిల్లలూ చేసే పని తగ్గి, తల్లి పని అలాగే ఉంటుంది, శుభ్రత మీద ఆశలు మాత్రం పెరుగుతాయని ఆవిడ వాదన. మనకు వేరే చూపించాలా? కట్టెలు కొట్టి ఇవ్వడం ఒకప్పుడు మగవాళ్ళ పని. గ్యాసు వచ్చి ఆయన గొడ్డలి మూలపడింది. మన పీచు మూలపడిందా?

లెక్కలు కావాలా? కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో సర్వే చేయించింది. జీతం లేని ఇంటిపని చేసేవారు ఆడవాళ్ళలో నూటికి 81 మందికి పైగా. మగవాళ్ళలో నూటికి 26 మంది. చేసేవాళ్ళలో కూడా ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ సర్వే చేశారు. ఆడవాళ్ళవి 289 అయ్యాయి, పది నిమిషాలు తగ్గాయి, సంతోషం. మగవాళ్ళవి ఎంత పెరిగాయో అని ఆశగా చూస్తే... 88! వాళ్ళవీ తొమ్మిది తగ్గాయి. ఊళ్ళలో గ్రిల్లులు పెరిగాయి గానీ, మగవాళ్ళ చేతిలో పీచు పెరగలేదు.

ఈ పనికి విలువ లేదా అంటే, ఉందని దేశంలో పెద్ద కోర్టే చెప్పింది. రోడ్డు ప్రమాదంలో పోయిన గృహిణికి నష్టపరిహారం ఎలా లెక్కకట్టాలన్న కేసులో సుప్రీంకోర్టు 2021 జనవరిలో తీర్పునిచ్చింది. అందులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో ఈ 299, 97 నిమిషాల లెక్కనే చూపించి, ఇంటిపని చేసే స్త్రీ ఏమీ సంపాదించదనే ఆలోచన తప్పు అన్నారు. చూశారా విచిత్రం! ఆవిడ పోయాక ఆవిడ తోముడుకి విలువ కడతారు. ఉన్నన్నాళ్ళూ “ఇంట్లో ఏం చేస్తుంది, ఖాళీయే కదా” అంటారు.

ఇక గ్రిల్ పుట్టుపూర్వోత్తరాలు వినండి, ఇంకా సరదాగా ఉంటుంది. కరెంటు గ్రిల్‌ని లోకమంతా ఇళ్ళలోకి చేర్చినది ఒక వస్తాదు. జార్జ్ ఫోర్‌మన్ అని అమెరికా బాక్సరు. 1974లో మహమ్మదలీ చేతిలో ఓడినవాడు. ఇరవై ఏళ్ళ తర్వాత 1994లో 45వ ఏట మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. ఆ ఏడే అతని పేరుతో గ్రిల్ బజారుకొచ్చింది. 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. పలక ఏటవాలుగా ఉంటుంది, కొవ్వు కిందికి జారుతుంది, ఆరోగ్యానికి మంచిదని ప్రచారం. కానీ మొదట్లో వచ్చిన వాటికి పలకలు ఊడి వచ్చేవి కావు! తీగా కరెంటూ ఉన్న వస్తువుని నీళ్ళలో ముంచరాదు, పలక ఊడదు, మరి తోమేదెలా? కొవ్వు ఎలా జారాలో ఆలోచించినవాళ్ళకి జారిన కొవ్వు ఎవరు తుడవాలో తట్టలేదు. ఊడే పలకలు తర్వాతి రకాల్లో గానీ రాలేదు. ఫోర్‌మన్ 2025లో కాలం చేశాడు పాపం. అతన్ననేం లాభం? అమ్మేవాడు ఎప్పుడూ చేప చూపిస్తాడు, సింకు చూపించడు.

అంటుకోని పెనం కథ కూడా ఇలాంటిదే. టెఫ్లాన్ అనే పదార్థం 1938లో అమెరికాలో ఒక ప్రయోగశాలలో అనుకోకుండా దొరికింది. పదహారేళ్ళపాటు అది వంటింటి గడప తొక్కలేదు. 1954లో ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజనీరు దాన్ని అల్యూమినియానికి అతికించే ఉపాయం కనిపెట్టాడు. అతను చేపలు పట్టే సామగ్రికి పూసుకుంటుంటే, భార్య కొలెట్ “అదేదో నా పెనానికి పూసిపెట్టరాదూ” అన్నదిట! చూశారా, తోమేమనిషి నోరు విప్పితే గానీ తోముడు తగ్గే వస్తువు పుట్టలేదు. అందుకే నోరు విప్పమంటున్నాను.

ఆ పూతకు కూడా ఆయుష్షు ఉంది లెండి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూత్రాల్లో నాన్‌స్టిక్ పాత్రల్ని 170 డిగ్రీలు మించి వేడి చేస్తే ముప్పని, పూత చెడితే పారెయ్యమని చెప్పింది. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద ఎర్రగా కాలబెట్టే ఆదివారపు వీరులకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

“పోనీ, ఎలా తోమాలో మాకు తెలియదు కదా” అని మగవాళ్ళు అమాయకంగా అంటారు. కారు ఎలా కడగాలో పుట్టుకతో తెలుసా? నేర్చుకున్నారు. ఇదీ అంతే. ఈ పేరా చింపి ఫ్రిజ్ మీద అంటించండి.

పోత ఇనప గ్రిల్ అయితే, కాలుతుండగా చన్నీళ్ళు పొయ్యవద్దు, పగులుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే పాత కాగితంతో కొవ్వు తుడిచి, కళ్ళుప్పు చల్లి తడిగుడ్డతో సాళ్ళ వెంట రుద్దాలి. వేడినీళ్ళతో కడిగి, మళ్ళీ స్టవ్ మీద పెట్టి తడి పూర్తిగా ఆర్చి, చుక్క నూనె పల్చగా రాయాలి. లేకపోతే తెల్లారేసరికి తుప్పు. నాన్‌స్టిక్ అయితే ఇనప పీచు ముట్టవద్దు. వేడినీళ్ళూ సబ్బూ పోసి పావుగంట నానబెట్టి, కొయ్య గరిటెకు గుడ్డ చుట్టి సాళ్ళలో నడపాలి. పూత లేని ఉత్త అల్యూమినియానికి వంటసోడా పెట్టవద్దు, నల్లబడుతుంది. కరెంటుదైతే ముందు ప్లగ్గు తీయండి, చల్లారనివ్వండి. తీగ ఉన్న భాగాన్ని కుళాయి కింద పెట్టకండి. కింద కొవ్వు పట్టే పళ్ళెం ఒకటుంటుంది, అది మరిచిపోతే మూడోరోజు ముక్కే గుర్తుచేస్తుంది. అయ్యాక స్టవ్ తుడవాలి. బర్నరు కన్నాల్లో జిడ్డు చేరితే మంట నీలంగా కాక పచ్చగా వస్తుంది, గిన్నెలకు మసి పడుతుంది. బర్నరు చల్లారాక వేడి చింతపండు నీళ్ళలో నానబెట్టి, పిన్నుతో కన్నాలు పొడిచి, బాగా ఆరబెట్టి బిగించాలి. గ్యాసు పైపు అయిదేళ్ళకోసారి మార్చాలని కూడా గుర్తుపెట్టుకోవాలి. చదవడానికే ఇంతసేపు పట్టింది కదూ? చేయడానికెంత పడుతుందో ఆలోచించండి.

“అంత బాధెందుకు, పనిమనిషి ఉంది కదా” అనే మాట మన నోట్లోంచే వస్తుంది. సోదరీమణులారా, ఇక్కడ కాస్త మనల్ని మనమే నిలదీసుకోవాలి. జీతం మాట్లాడుకున్నప్పుడు గిన్నెలు, కంచాలు, కుక్కరు లెక్క చెప్పాం. గ్రిల్ తర్వాత వచ్చింది. దాంతోపాటు జీతం పెరిగిందా? “అమ్మా, గిది నా లెక్కల లేదు” అని ఆమె అంటే మనకు కోపం ఎందుకు రావాలి? లెక్కలో లేనిది లెక్కలో లేనట్టే కదా! మన శ్రీవారు మనకు చేసిందే మనం ఆమెకు చేస్తే ఇక ఎవరిని అడిగే నోరుంటుంది? జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటిపనివారి హక్కుల ఒప్పందం తెచ్చింది. దానికి అనుకూలంగా ఓటేసిన మన దేశం, తర్వాత ధ్రువీకరించకుండా ఏళ్ళు గడిపేసింది. ఢిల్లీ సంగతి ఢిల్లీ చూసుకుంటుంది. మన సింకు సంగతి మన చేతిలోనే ఉంది. గ్రిల్ తోమిస్తే దానికి వేరే డబ్బివ్వండి. ఇవ్వలేకపోతే గ్రిల్ పెట్టకండి.

“మగపిల్లాడి చేత అంట్లు తోమిస్తావా” అని నోరు నొక్కుకునే అత్తగార్లూ అమ్మలూ ఇంకా ఉన్నారు. అమ్మా, హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో గుండిగలు తోముతున్నది ఎవరు? మగవాళ్ళే కదా! కూలి ఇస్తే తోమిన చెయ్యి సొంత ఇంట్లో తోమితే అరిగిపోతుందా? డబ్బు వస్తే పని, డబ్బు రాకపోతే ఆడదాని ధర్మం - ఈ పంచాంగం ఎవరు రాశారు?

“ఆయన వారానికోసారి వండుతున్నాడు, ఈ మాత్రానికే సణుగుతావా, ఆ ఒక్కటీ మానేస్తాడు” అని భయపెట్టేవాళ్ళూ ఉన్నారు. మానెయ్యనివ్వండి. ఒక పూట వంట తప్పించి రెండు పూటల తోముడు తగిలించే సాయం సాయమెలా అవుతుంది? వంటలో పేరొచ్చే భాగం ఆయనకి, జిడ్డు భాగం మనకి. పైన పటారం, లోన లొటారం! పొలం పంచుకునేటప్పుడు నీళ్ళ పక్క ముక్క అంతా ఒకరే తీసుకుని రాళ్ళగుట్ట ఇంకొకరికి ఇస్తే పంచాయితీ ఒప్పుకుంటుందా?

కనుక నేను కోరేవి మూడే. గ్రిల్ కొనేటప్పుడు కొట్టువాణ్ణి ఎలా కాలుతుందని కాదు, ఎలా కడగాలని అడగండి. పలక ఊడుతుందా, సాలులో వేలు పడుతుందా చూడండి. సమాధానం చెప్పలేకపోతే అక్కడే వదిలేసి రండి. రెండోది, ఇంట్లో చట్టం చెయ్యండి. ఎవరు వెలిగిస్తే వారే ఆర్పాలి, ఎవరు చారలు వేస్తే వారే చారలు తీయాలి. ఆడా మగా తేడా లేదు, చిన్నా పెద్దా తేడా లేదు. పదేళ్ళ కొడుకు శాండ్‌విచ్ కాల్చుకుంటే, ఆ పలక వాడే తుడవాలి. ఇప్పుడు తుడిస్తే ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకో ఇంటి ఆడపిల్ల మీకు దండం పెడుతుంది. మూడోది మన పత్రికలకు. వంటల శీర్షికలో తయారీకి ఇంత, ఉడకడానికి ఇంత అని వేస్తారు కదా, కింద ఇంకో వరుస వెయ్యండి: తోమడానికి ఇన్ని నిమిషాలు. ఆ అంకె కంటబడితే సగం వంటలు మగవాళ్ళే వద్దంటారు, మిగతా సగం విలువ తెలిసి తింటారు.

చివరి వాక్యం కూడా మార్చమని సంపాదకులకు నా మనవి. “వేడివేడిగా వడ్డించండి” దగ్గర ఆపకండి. “తిన్నాక, వండినవారే తోమండి” అని కలపండి. అయిదు మాటలు కూడా కాదు. అచ్చుకి ఖర్చు పెరగదు.